ఏ కాలానికి ఏ ఎర

గిడ్రీ రేవు, లూసియానా
1987 సెప్టెంబరు 20, ఆదివారం

ప్రియమైన పరాన్,

మీ చీటీ నిన్న అందింది. ఎడమచేత్తో రాసినా మీ అక్షరమే అని పోల్చుకున్నాను. "ఏం పడుతున్నాయి? దేనికి?" అంతే ఉంది అందులో. నలభై రోజులు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మొట్టమొదట అడిగింది చేపల గురించా అని నర్సు ప్రేజాన్ గారు ఫోనులో నవ్వారు. పక్షవాతం మాటని తీసుకుపోయింది గాని బుద్ధిని కాదు అన్నారు. నడక నేర్పడానికి వస్తే మాత్రం మీరు కళ్ళు మూసుకుంటున్నారట.

నేను మీ ఇంట్లోనే ఉంటున్నాను. ఇక్కడినుంచి నేను పనిచేసే లైబ్రరీకి పన్నెండు మైళ్ళు, పొద్దున్నే బయల్దేరితే సరిపోతుంది. జ్ఞానస్నానం నాడు నన్ను ఎత్తుకుని నాకు పరాన్, అంటే జ్ఞానతండ్రి, అయ్యారన్న ఒక్క మాట తప్ప మీకూ నాకూ ఏ సంబంధమూ లేదని ఆసుపత్రి వాళ్ళు ప్రతిసారీ గుర్తు చేస్తున్నారు. అందుకే కాగితాలన్నీ మీ చెల్లెలు యూనిస్ గారికే పంపుతున్నారు.

మీరు అడిగినదానికి జవాబు. నిన్న పొద్దున చిన్న పడవ తీసుకుని చెరువులో పాయ నోటి దాకా వెళ్ళాను. రబ్బరు వానపాము, పసుపు రంగుది. నాలుగడుగుల లోతు. రెండు బాస్ చేపలు పడ్డాయి, పెద్దది మూడు పౌన్లు ఉంటుంది. వదిలేశాను. ఏ ఎర పట్టుకెళ్ళాలో పడవల కొట్టంలో మేకుకి వేలాడే మీ పుస్తకం చూసి తెలుసుకున్నాను, గైడుగా జనాన్ని చేపలవేటకి తీసుకెళ్ళిన ప్రతి రోజూ ఎరా లోతూ రాసి పెట్టుకున్నది.

ఇంతకన్నా వర్ణించడం నాకు చేతకాదు.

మీ జ్ఞానపుత్రిక,
సిడోనీ

•

బాటన్ రూజ్
అక్టోబరు 4

షా సిడోనీ,

ఎడమ చెయ్యి నా మాట వినదు. షా, బంగారు తల్లీ అన్న ఒక్క పిలుపుకే ఒక పూట, ఈ పేజీకి నాలుగు రోజులు పట్టింది. తప్పులుంటే దిద్దుకో. కాన్వెంటు సిస్టర్లు నిన్ను పన్నెండేళ్ళు కూర్చోబెట్టి చదివించింది అందుకే.

పసుపు వానపాముకి పడ్డాయా. సరే.

ఒక్కదానివే పడవ తీశావా? మీ నాన్నా నేనూ బతిమాలితే నీకు తలనొప్పి వచ్చేది. రేవు చెక్కల మీద కూర్చుని పుస్తకంలో తల దూర్చేదానివి. పోన్లే. మనుషులు మారతారు. నేనే చూడు, నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నడక నేర్పే ఇనప కడ్డీలు పట్టుకుని నిలబడ్డాను. పదకొండు లెక్కపెట్టేసరికి కూలబడ్డాను. పక్క మంచం ముసలాయన చప్పట్లు కొట్టాడు. వాణ్ణి నీళ్ళలో తోసేయాలనిపించింది.

ఇప్పుడు ఎండ తగ్గుతుంది. చిన్న వెండి చేపలు గుంపులుగా పాయల్లోకి వస్తాయి. వాటి వెనకే బాస్. రేకు తిరిగే ఎర వెయ్యి, ఆపకుండా లాగు. దాని చుట్టూ కుచ్చులా వేలాడే రబ్బరు పావడా ఏ రంగుదో నువ్వే చూసుకో. ఏ రంగుకి పడిందో రాయి.

ఒవీడ్

•

గిడ్రీ రేవు
అక్టోబరు 18

ప్రియమైన పరాన్,

పదకొండు అంకెల సేపు నిలబడ్డారని మీ తోటి గైడు ఆర్మాన్‌కి చెప్పాను. ఆయన తన పడవ పాత రంగు గీకుతున్నాడు. తల ఎత్తకుండానే, తనతో పోటీ పడేవాడు లేక రేవంతా చప్పగా ఉందన్నాడు. మీరేం రాస్తున్నారని అడిగాడు. ఎరల సంగతులు అన్నాను. "నోరు పడిపోయినా కోతలు ఆగలేదన్నమాట, చేత్తో కోస్తున్నాడు" అన్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రంగు ధూళి అయి ఉండాలి.

మీరు చెప్పినట్టే చేశాను. రేకు ఎర, తెల్ల పావడా. పాయ మలుపులో మూడడుగుల నీళ్ళు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపల అయిదు పడ్డాయి. మబ్బు పట్టి ఉంది. గాలి దక్షిణం నుంచి.

లైబ్రరీలో పని ఎక్కువగా ఉంది. సాయంత్రం వచ్చేసరికి మాట్లాడే ఓపిక కూడా ఉండదు, మాట్లాడేవాళ్ళూ ఉండరు కాబట్టి ఇబ్బంది లేదు. మీరు నడిస్తే చాలు.

సిడోనీ

•

బాటన్ రూజ్
నవంబరు 1, సర్వపునీతుల పండుగ

షా సిడోనీ,

తెల్లది. మూడడుగులు. సరే.

ఒకటి అడుగుతాను. బాస్‌ని నీళ్ళలోంచి తీసేటప్పుడు కింది పెదవి పట్టుకుని తీస్తాం కదా. సాయంత్రానికి నీ బొటనవేలు ఎలా ఉంది?

కడ్డీల మధ్య ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగుసార్లు నడిచాను. కుడికాలు నాది కాదు, ఎవరిదో మోస్తున్నట్టుంది. రోజూ రెండింటికి ఒక పిల్ల వచ్చి నాలుక మీద చెంచా పెట్టి "అ" అనమంటుంది. నాకు "ఉ" వస్తుంది. అరవై ఆరేళ్ళ వయసులో.

చలి మొదలైతే ఎర వేగం తగ్గించు. ఎంత తగ్గించావనుకుంటే దానికి ఇంకో సగం తగ్గించు. చలిలో చేప కూడా మనలాంటిదే, కడుపు నిండాలి గాని కదలకూడదు.

ఒవీడ్

•

గిడ్రీ రేవు
నవంబరు 26, కృతజ్ఞతా దినం

ప్రియమైన పరాన్,

బొటనవేలు గరుకుగా తయారైంది. బాస్‌కి పళ్ళు కాకుండా ఇసుక కాగితం లాంటి పెదవి ఉంటుంది కాబట్టి అక్కడ చర్మం లేచిపోతుంది.

ఈ వారం నీళ్ళు చల్లబడ్డాయి. రేకు ఎరకి రాలేదు. మీ పుస్తకంలో ఉన్నట్టు చెంచాలా ఉండే వెండి రంగు ఎర తీసుకుని పాత వాగు మలుపు మీద, ఎనిమిదడుగుల లోతున, నిటారుగా దించి ఎత్తి దించాను. మూడు పడ్డాయి.

ఆర్మాన్ భార్య గంబో పులుసు పంపింది. ఒక్కదాన్నే తిన్నాను. ప్రేజాన్ గారు మీకు టర్కీ మాంసం మెత్తగా రుబ్బి పెట్టారని, మీరు పళ్ళెం తోసేశారని చెప్పారు. తోసింది కుడిచేత్తోనట. ఆవిడకి కోపం రాలేదు, సంతోషించారు.

నాకు బాగా అలసటగా ఉంది పరాన్. కారణమేమీ లేదు.

సిడోనీ

•

బాటన్ రూజ్
డిసెంబరు 13

షా సిడోనీ,

యూనిస్ వచ్చి వెళ్ళింది. హ్యూస్టన్‌లో తన ఇంటికి దగ్గర్లో ఒక వృద్ధుల ఆశ్రమం చూసిందట. రోజూ బింగో ఆడిస్తారట. డాక్టరు నా ముందే ఆవిడతో చెప్పాడు, నేను కుర్చీని కదా. నా ఇంటికి మూడు మెట్లున్నాయి. ఆ మూడు మెట్లు ఎవరూ పట్టుకోకుండా ఎక్కి చూపిస్తే ఇంటికి పంపుతారు. జోజప్ప గారి పండుగ దాకా గడువు. మార్చి పందొమ్మిది. ఎక్కలేకపోతే యూనిస్ సంతకం పెడుతుంది.

ఇక్కడ ఎక్కడం నేర్పడానికి చెక్కమెట్లు ఉన్నాయి, సరిగ్గా మూడు. మొదటిది చూసే చెమట పట్టింది.

నీ గురించి ఒక మాట. చదివి బాధపడకు. నేను పడవ ఎక్కిన మొదటి ఏడు నీళ్ళంటే వణికేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. రేవు నుంచి కనుచూపు దాటాక పొదల పక్కన పడవ కట్టి, రెండు గంటలు కూర్చుని, వెనక్కి వచ్చి, చేపలు పడలేదని చెప్పేవాణ్ణి. మీ నాన్నకి ఒక్కడికే తెలుసు. భయం పాపం కాదు. రేవు చెక్కల మీద నిలబడి విసిరినా చేపలు పట్టినట్టే. ఏమీ పట్టకపోయినా నాకు ఉత్తరం రాయొచ్చు. నేను వచ్చాక ఇద్దరం కలిసి వెళ్దాం. నేను మాట్లాడలేను కాబట్టి నిన్ను అరవలేను. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి గురువు దొరకడు.

అందుకే మెట్టు ఎక్కాలి. తెలిసిందా?

ఒవీడ్

•

గిడ్రీ రేవు
1988 జనవరి 10

ప్రియమైన పరాన్,

మీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. జవాబు నాలుగుసార్లు రాసి చింపేశాను. పాపసంకీర్తనంలో తప్పు ఒప్పుకుంటూ ఫాదర్‌కి చెప్పాను. ఇది ముందు చెప్పాల్సింది నాకు కాదు అన్నారు ఆయన.

నేను ఒక్క చేప కూడా పట్టలేదు. సెప్టెంబరు నుంచి ఒక్కటి కూడా. కానీ మీరు అనుకున్నట్టు భయం వల్ల కాదు. చెరువులో నీళ్ళు లేవు.

మీరు పడిపోయిన మూడో వారంలో కట్ట గేట్లు ఎత్తారు. కాంక్రీటు పగిలిందట, బాగు చెయ్యాలట, ఆ వంకతో నాచు కూడా ఎండి చస్తుందట. నోటీసు మన తలుపుకే అంటించి వెళ్ళారు. అక్టోబరు నాటికి నడిమి వాగు తప్ప అంతా బురద. ఇప్పుడు ఆ బురద కూడా నెర్రెలిచ్చింది. మీ పడవ గడ్డి మీద ఒరిగి ఉంది. కొంగలు కూడా వెళ్ళిపోయాయి.

మీ చీటీ వచ్చిన రోజు నేను కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాను. ఏం పడుతున్నాయి అని మీరు అడిగారు. మీరు లేచి కూర్చోవడానికి అదొక్కటే కారణం అన్నారు ప్రేజాన్ గారు. నీళ్ళు లేవని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మీ పుస్తకం తీసి, అదే తారీకు పాత ఏడాది కింద ఏముందో చూసి, ఎర, రంగు, లోతు ఎత్తి రాశాను. ప్రతిసారీ అదే చేశాను. బొటనవేలి సంగతి లైబ్రరీ పుస్తకంలోది. మీకు చెప్పొద్దని ఆర్మాన్‌ని బతిమాలింది నేనే. ఆయన తప్పు లేదు.

క్రిస్మస్ మర్నాడు మొదటిసారి చెరువులోకి దిగి నడిచాను. మునిగిన చెట్ల మోళ్ళు పొలంలో మనుషుల్లా నిలబడి ఉన్నాయి. వాటినిండా తెగిన దారాలూ ఎరలూ వేలాడుతున్నాయి. చాలావాటి మీద మీ గుర్తు ఉంది, కొక్కెం మెడకి చుట్టిన ఎర్ర దారం. పాయ నోటి దగ్గర, మీ పుస్తకం పసుపు వానపాము అని రాసిన చోట, నల్లవి తొమ్మిది దొరికాయి. ఒక్క పసుపుదీ లేదు. తెల్ల పావడా అని ఉన్న మలుపులో అన్నీ నల్ల పావడాలే. ఎనిమిదడుగులు అన్న వాగు మలుపులో మోడు మీద పాత నీటి గీత దాకా కొలిచాను. పదహారు అడుగులు.

అంటే మీ పుస్తకమే అబద్ధం. అంటే నా మొదటి ఉత్తరం చదివినప్పుడే మీకు తెలిసిపోయి ఉంటుంది. నాలుగు నెలలు నన్ను రాయనిచ్చారు.

నన్ను క్షమించమని అడగను. మెట్టు మాత్రం ఎక్కండి. ఎందుకోసమో నేను చెప్పలేను.

సిడోనీ

•

గిడ్రీ రేవు
ఫిబ్రవరి 7

ప్రియమైన పరాన్,

నాలుగు వారాలుగా మీ దగ్గరనుంచి ఏమీ లేదు. మీరు మళ్ళీ గోడవైపు తిరిగారని ప్రేజాన్ గారు చెప్పారు. మెట్ల గదికి తీసుకెళ్తే కళ్ళు మూసుకుంటున్నారట. ఉత్తరంలో ఏం రాశావమ్మా అని అడిగారు. నిజం రాశానన్నాను. 

ఆర్మాన్ నన్ను పిలిచి తిట్టాడు. అబద్ధం చెప్పినందుకు కాదు, మానేసినందుకు. "నాతో ఒక్క మాట అనుంటే వేసవి దాకా సరిపడా అబద్ధాలు నేనిచ్చేవాణ్ణి గదా" అన్నాడు. తర్వాత మీ పుస్తకం సంగతి చెప్పాడు. ఈ రేవులో గైడ్లందరూ రెండు లెక్కలు పెడతారట, ఒకటి తలలో, ఒకటి మేకుకి. మేకుకి ఉన్నది పక్కవాడు దొంగతనంగా చదువుకోవడానికట. తను పాతికేళ్ళుగా మీది చదివి, నమ్మి, మూడు వేసవులు పసుపు వానపాములు వేశాడట. ఈ మాట ఒవీడ్‌కి రాయకు అన్నాడు. రాస్తున్నాను. ఇకమీద ఏదీ దాచను.

చెయ్యడానికి ఇంకేమీ తోచక ప్రతి శనివారం చెరువులో నడుస్తున్నాను. దొరికినవి దొరికినట్టు కింద రాస్తున్నాను. ఏ కాలానివో నాకు తెలియదు.

పాయ నోటి దగ్గరవి ముందే చెప్పాను, నల్ల వానపాములు. కట్టకి దగ్గర రాళ్ళ గుట్ట మీద, లోపల గుళ్ళు గలగలమనే ఎర్ర ఎరలు నాలుగు, అన్నీ ఒకే బండ సందులో. తూర్పు ఒడ్డు చదునులో రబ్బరు బల్లులు, తోకలు కొరికేసి ఉన్నాయి. ఎండు తుంగలో రబ్బరు కప్ప ఒకటి, దానికి కళ్ళు లేవు. అన్నిటికన్నా ఎక్కువ వితంతువు గుంట అని మీరు పిలిచే చోట. అక్కడ సీసం గుండుకి జుట్టు కట్టిన నల్ల ఎరలు ముప్పై ఒకటి లెక్కపెట్టాను, ఇంకా బురదలో ఉన్నాయి. అన్నిటికీ మీ ఎర్ర దారమే. అంత నష్టపోయి కూడా మళ్ళీ మళ్ళీ అక్కడే ఎందుకు వేశారు?

జవాబు రాయకపోయినా పరవాలేదు. వచ్చే వారం పడమటి ఒడ్డు చూస్తాను.

సిడోనీ

•

బాటన్ రూజ్
ఫిబ్రవరి 17, విభూది బుధవారం

సిడోనీ,

పొద్దున ఫాదర్ వచ్చి నుదుటి మీద బూడిద రాసి, మట్టివి, మట్టిలో కలుస్తావు అన్నాడు. ఇన్నాళ్ళూ మంచంలో అదే ఆలోచిస్తున్నాను, కొత్తేమీ చెప్పలేదు.

ముందు నీ జాబితా. తప్పులు లేవు గాని తెలివి లేదు. కాలం లేకుండా ఎర పేరు రాస్తే అది చెత్తబుట్ట. రాసుకో.

నల్ల వానపాము జూన్ నుంచి సెప్టెంబరు దాకా. మన నీళ్ళు టీ రంగు, అందులో పసుపు కనపడదు, నలుపే నీడలా కనపడుతుంది. తెల్లారక ముందు లోతుకి వేసి, అడుగుకి తగిలాక వంద లెక్కపెట్టి ఒకసారి కదపాలి. నల్ల పావడా రేకు ఎర అక్టోబరు, నవంబరు. గలగల ఎర్రది ఫిబ్రవరి ఆఖరు, అంటే ఇప్పుడే. ఆడచేప గుడ్లు బరువెక్కి, కోపంగా రాళ్ళ గుట్ట మీదికి వస్తుంది, ఆకలికి కాదు చిరాకుకి కొడుతుంది. బల్లి ఏప్రిల్‌లో. గుడ్ల గూడు మీద వేస్తే మగచేప నోట కరుచుకుని అవతల పారేస్తుంది. అప్పుడు పట్టడం నాకు ఇష్టం ఉండేది కాదు, వచ్చినవాళ్ళు అడిగేవాళ్ళు. కప్ప మే నెలలో, మబ్బు రోజు. కళ్ళు నేనే పీకేశాను, ఎందుకో గుర్తు లేదు. డిసెంబరు, జనవరి నల్ల జుట్టు ఎర, వితంతువు గుంటలో, పద్దెనిమిది అడుగులు.

అక్కడ ఎందుకు వేశానంటే, చలికాలం చేపంతా అక్కడే ఉండేది. కింద ఒక పెద్ద ఓక్ మోడు ఉంది. నలభై చలికాలాలు దారం మీద వేలు పెట్టి తడిమి తడిమి దాని ప్రతి కొమ్మా నాకు తెలుసు. వచ్చినవాళ్ళకి కాగితం మీద బొమ్మ గీసి చూపించేవాణ్ణి. ఒక్కసారి కూడా చూడలేదు.

ఇప్పుడు నీ సంగతి.

అబద్ధం రాసినందుకు నాకు కోపం లేదు. మొదటి ఉత్తరంలోనే తెలిసింది, నిజమే. భయపడుతున్నావనుకున్నాను. నీకు తోడుగా ఉండాలని కడ్డీలు పట్టుకున్నాను. చెరువు కోసం అనుకున్నావు నువ్వు. అదీ ఉందిలే, కొంచెం.

జనవరిలో నీ ఉత్తరం చదివి గోడవైపు తిరిగాను. చెరువు లేదని కాదు. చెరువు అడుగు బయటపడి నాలుగు నెలలైంది, నాకు ఎవరూ చెప్పలేదు. నలభై ఏళ్ళు నేను గుడ్డివాడిలా తడిమిన చోట నువ్వు బూట్లేసుకుని శనివారాలు నడుస్తున్నావు. ఆర్మాన్ నడుస్తున్నాడు. ఊళ్ళో పనిలేనివాళ్ళంతా నడుస్తున్నారు. చూడాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను ఇక్కడ పడుకుని "ఉ" అంటున్నాను. అక్టోబరులోనే రాసి ఉంటే పాకుతూ అయినా వచ్చేవాణ్ణి. నాకు చేపలు అక్కర్లేదు పిల్లా. అలిసిపోయాను. చూడాలి, అంతే.

గేట్లు ఎప్పుడు దించుతారు? కనుక్కుని వెంటనే రాయి. దాచకు.

నిన్న ఒక మెట్టు ఎక్కాను.

ఒవీడ్

•

గిడ్రీ రేవు
మార్చి 6

ప్రియమైన పరాన్,

గేట్లు దించేశారు. నెలాఖరుకి అన్నారు గాని పని ముందే అయిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం దించారు, ఆ సాయంత్రమే పై ఊళ్ళలో వాన మొదలైంది. మీకు ఇది ఇలా రాయడం కన్నా ఇంకో అబద్ధం రాయడం తేలిక.

వాగు గట్లు దాటింది. కట్ట దగ్గర రాళ్ళ గుట్ట నిన్ననే మునిగింది. రోజుకి జానెడు పెరుగుతోంది. వితంతువు గుంట చుట్టూ పాత మట్టికట్ట ఉంది కాబట్టి అక్కడికి ఇంకా రాలేదు. ఆ కట్ట దాటితే ఒక్క పూటలో నిండుతుంది. ఇంకో వారం ఆగుతుంది అంటాడు ఆర్మాన్. నేను కర్ర పాతి కొలిచాను. ఎనిమిది రోజులు.

ఆ గుంటలో మీరన్న మోడు ఎక్కడుందో నేను చూశాను. అక్కడ ఉన్నదేమిటో రాయను, మీరే చూడాలి. ఇది దాచడం కాదు.

ఆసుపత్రికి ఫోను చేసి, మెట్లు ఎక్కకుండానే ఒక రోజుకి పంపిస్తారా అని అడిగాను. నేను మీకు ఏమవుతానని అడిగారు. జ్ఞానపుత్రికని అన్నాను. ఆ గడి వాళ్ళ కాగితంలో లేదట. యూనిస్ గారికి ఫోను చేశాను. ఆవిడ చాలాసేపు ఏడ్చారు. ఎండిన చెరువు చూడ్డానికి మనిషిని చంపుతావా అన్నారు. నాకు పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం రాదు. ఫోను పెట్టేశాను.

మూడు మెట్లే దారి. ఎనిమిది రోజులు.

సిడోనీ

•

బాటన్ రూజ్
మార్చి 9

సిడోనీ,

ఎక్కాను. మూడోది ఎక్కాక దిగేటప్పుడు పడ్డాను. దిగడం వాళ్ళ నియమంలో లేదు, చదివించి చూపించాను. ప్రేజాన్ సాక్షి సంతకం పెట్టింది. మోచెయ్యి వాచింది.

శనివారం రా. ఆర్మాన్ ట్రక్కు తీసుకో. వాడు తోలతానంటే ఒప్పుకోకు, నిద్రపోతాడు. చక్రాల కుర్చీ ఆసుపత్రి వాళ్ళే ఇస్తారు. చెక్కలు పట్టించు, బురదలో పరవడానికి.

యూనిస్‌కి నేనే రాశాను. బింగో తనని ఆడుకోమన్నాను.

ఒవీడ్

•

వితంతువు గుంట, చెరువు అడుగున
మార్చి 13, ఆదివారం పొద్దున

షా సిడోనీ,

పదడుగుల దూరంలో ఉన్నావు, అయినా రాయాల్సి వస్తోంది. నీ కవరు వెనకాలే రాస్తున్నాను. ఆర్మాన్‌ని అక్కడే ఉండమను. చెక్కలు పరుస్తూ వాడు ఇప్పటికే నా మీద చాలా జోకులేశాడు, జవాబు రాసేలోగా ఇంకోటి వేస్తాడు.

ఓక్ మోడు కాదు. ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసింది.

ఇటుకల పొయ్యి, దాని పొగగూడు పక్కకి పడి ఉంది. కొమ్మలనుకున్నవి ఇనప కడ్డీలు, కుండలు వేలాడదీసేవి. ఇది లవేన్ వాళ్ళ వంటిల్లు. కట్ట కట్టక ముందు వాళ్ళు ఇక్కడ ఉండేవాళ్ళు. ఆ ఇల్లు ఇంకా అవతల, రోడ్డు దగ్గర అనుకునేవాణ్ణి. నాకు పదేళ్ళప్పుడు ఈ పొయ్యి ముందు కూర్చుని మొక్కజొన్న రొట్టె తిన్నాను. ఆ ఇంటి ముసలావిడ మాట్లాడుతూనే ఉండేది. నలభై చలికాలాలు ఆవిడ పొయ్యిలోకి సీసం గుళ్ళు వేసి, కొమ్మ తగిలింది అని వచ్చినవాళ్ళకి చెప్పాను. గీసిన బొమ్మలన్నీ తప్పు. చేపలు ఎందుకు ఇక్కడ ఉండేవో మాత్రం ఇప్పుడు అర్థమైంది. పొయ్యి గూట్లో ప్రవాహం తగలదు. వెచ్చగా ఉంటుంది.

నా ఎరలు తియ్యకు. ఉండనీ.

మేకుకి ఉన్న పుస్తకంలో ఈ పేజీ దిద్దు. నలుపు అని రాయి, పద్దెనిమిది అడుగులు అని రాయి, ఇటుకల పొయ్యి అని రాయి. ఆర్మాన్ చదివితే చదవనీ. ఎలాగూ నమ్మడు.

మట్టికట్ట మీదనుంచి నీళ్ళు దిగాయి, కుర్చీ చక్రాలు తడుస్తున్నాయి అని సైగ చేస్తున్నావు. చూశాను. నన్ను తొందరపెట్టకు. ఇంకొంచెం సేపు.